సిబేలియస్ వయొలిన్ కాన్చెర్టో: మీకు ఎలా వినిపిస్తుంది?

పాతరికార్డు

బీతోవెన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ కాన్చెర్టోల (ఒక సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన కృతుల) మీద మనవాళ్లు చాలాసార్లు వాదించుకున్నారు. ఫిన్లాండ్ స్వరకర్త జాన్ సిబేలియస్ డి మైనర్ కాన్చెర్టో గురించి మాత్రం విడిగా మాట్లాడుకున్నట్టు లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వయొలిన్ విద్వాంసుడు యాషా హైఫెట్జ్ 1935లో థామస్ బీచమ్ సారథ్యంలో లండన్ ఫిల్‌హార్మానిక్‌తో చేసిన రికార్డింగు నాకు ప్రాణం. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు ఈ కృతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లోకం దీన్ని చెవిన పెట్టింది ఆ రికార్డింగు తర్వాతే. మొదటి భాగం వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రెండో భాగం కూడా మనసుకు పడుతుంది. మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకెవరిదో కచేరీలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. అంత ఒంటరితనంతో మొదలైనది చివరికి చిందులతో ముగియడం నాకు మింగుడుపడదు. మీకెలా అనిపిస్తుంది? కృతి గురించే కాదు, ఆ మనిషి గురించి కూడా రాయండి. సిబేలియస్ అంటే కొందరికి ఆరాధన, కొందరికి చిరాకు. ఈ రెండింటికీ మధ్య మాట్లాడేవాళ్లు నాకు ఎక్కువగా తారసపడలేదు.

రెండోవరుస

నేను ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో కూర్చుంటాను. ఈ కాన్చెర్టోను లోపలి నుంచి విన్నాను కాబట్టి రాస్తున్నాను.

మొదట్లో వయొలిన్లన్నీ తీగల మీద మ్యూటు (నాదాన్ని మెత్తబరిచే చిన్న బిగింపు) పెట్టుకుని, వరుసలుగా విడిపోయి, వినీ వినిపించనంత సన్నగా రెండేసి స్వరాల మధ్య ఊగుతూ ఉంటాయి. ఆ చోట కమాను ఒత్తిడి ఒక్క పిసరు ఎక్కువైతే అంతా పాడవుతుంది. కమాను కొసతో, వెంట్రుకల బరువే తప్ప చేతి బరువు పడకుండా వాయించాలి. దాని మీద నాలుగో బార్‌లో (బార్ అంటే మన ఆవర్తం లాంటి లయ విభాగం) సోలో వయొలిన్ ప్రవేశిస్తుంది. దానికి మేము ఇచ్చే ఆధారం దాదాపు ఏమీ ఉండదు. బ్రామ్స్ కాన్చెర్టోలో ఆర్కెస్ట్రా ముందే పెద్ద ఉపోద్ఘాతం చెప్పి సోలో వాద్యకారుడికి దారి ఇస్తుంది. ఇక్కడ ఆ మర్యాదలేవీ లేవు. విద్వాంసుడు వస్తూనే మాట మొదలుపెడతాడు, మేము ఊపిరి బిగబట్టి వింటాం.

మూడో భాగం గురించి మీతో ఏకీభవించలేను. టింపనీలు (ఆర్కెస్ట్రాలోని పెద్ద డోళ్లు), కింది స్థాయి తంత్రీవాద్యాలు కలిసి నాలుగు బార్ల పాటు ఆ లయను పట్టుకున్నాక, సోలో వయొలిన్ అన్నింటికంటే లావు తీగ మీద దిగుతుంది చూడండి, ఆ బరువును చిందులు అనడం అన్యాయం. ఆ అడుగులు నేలను తొక్కి నడిచే అడుగులు.

బ్రామ్స్‌పక్షం

నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఈ కాన్చెర్టో నాకు నచ్చదు.

ఆర్కెస్ట్రా మొత్తం మందంగా, బురదగా ఉంటుంది. ఒక ఆలోచన మొదలవుతుంది, ఎక్కడికీ చేరకముందే ఆగిపోతుంది, ఇంకొకటి మొదలవుతుంది. మొదటి భాగంలో ఇతివృత్తాలను విడదీసి, పేని, పెంచవలసిన చోట కడెంజా (ఆర్కెస్ట్రా ఆగి సోలో వాద్యం ఒక్కటే వాయించే ఘట్టం) పెట్టేశాడు. వాదం నడపవలసిన చోట ఒక్కడే నిలబడి స్వగతం చెప్పుకుంటాడు. బీతోవెన్ 1806లో రాసినది వినండి. టింపనీ మీద పడే మొదటి దెబ్బల నుంచే ఒక కట్టడం ఎలా లేస్తుందో తెలుస్తుంది. ఇక్కడ నాకు పొగమంచే కనిపిస్తుంది.

మూడో భాగాన్ని విమర్శకుడు డోనాల్డ్ టోవీ ధ్రువపు ఎలుగుబంట్లు ఆడే పోలొనేజ్ (ఒక పోలండ్ నృత్యం) అన్నాడు. ఆయన ఈ కృతిని మెచ్చుకుంటూనే అన్నాడని తెలుసు. నాకు మాత్రం ఆ వర్ణన లోపాన్నే పట్టి చూపినట్టు అనిపిస్తుంది.

గోదారిశ్రుతి

నాది కర్ణాటక సంగీతం. నేలమీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయించే మనిషిని. పాశ్చాత్య సంగీత వ్యాకరణం నాకు పూర్తిగా రాదు, కానీ వాద్యం ఒకటే కదా. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో దీన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచినప్పటి నుంచి మనం దీన్ని సొంతం చేసుకున్నాం. ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను నాదం వింటూ పెరిగినవాళ్లకు ఇది పరాయి వాద్యం అనే ఊహే రాదు.

నాకు వినిపించినది చెబుతాను. కింద ఆర్కెస్ట్రా డి మైనర్‌ను పట్టుకుని ఉంది. డి స్వరాన్ని షడ్జం అనుకుంటే సోలో వయొలిన్ మధ్యమం మీద మొదలవుతుంది. షడ్జం మీద కాదు, పంచమం మీద కాదు, ఆ కింది శ్రుతిలో ఇమడని స్వరం మీద! దాన్ని నిలిపి, పంచమాన్ని తాకి, అప్పుడు షడ్జానికి చేరుతుంది. ఆ మధ్యమం మీద నిలిచిన క్షణంలోనే నా మనసు చిక్కుకుంది. మన ఆలాపనలో కూడా ఆధార షడ్జం దగ్గరికి వెంటనే రాకుండా, చుట్టూ తిరిగి ఊరించి చేరడం ఉంటుంది. అందుకే బ్రామ్స్‌పక్షం గారు స్వగతం అన్న కడెంజా నాకు ఏమాత్రం వింతగా లేదు. ఒక విద్వాంసుడు తాళం వదిలి రాగాన్ని విస్తరిస్తున్నట్టే విన్నాను. వాదం నడవలేదన్న వెలితి నాకు కలగలేదు.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. కాసేపటికి షడ్జమే మారిపోతుంది. నటభైరవి, కీరవాణి ఛాయల్లో హాయిగా ఉన్నాననుకుంటే కాళ్ల కింద నేల జరిగిపోతుంది. మనకు తంబురా కదలదు కదా. ఈ కదలికను ఎలా వినాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రెండోవరుస

గోదారిశ్రుతి గారూ, నేను ఇన్నాళ్లూ వాయిస్తున్నా ఆ మొదటి స్వరం గురించి ఇలా ఆలోచించలేదు. మీరు చెప్పాక వయొలిన్ చేతిలోకి తీసుకుని చూశాను. కింద మేము పట్టిన స్వరాలకు, పైన ఆ జి స్వరానికి మధ్య ఒక చిన్న ఒరిపిడి ఉంది. అది తీరకుండా సాగుతుంది కాబట్టే చెవి వెంట పోతుంది.

శ్రుతి మారడం గురించి: మొదటి భాగాన్ని వదిలి ముందు రెండో భాగం వినండి. అది బి ఫ్లాట్ మేజర్‌లో స్థిరపడి ఉంటుంది. మొదట క్లారినెట్లు జంటగా, తర్వాత ఓబోలు జంటగా ఒక ప్రశ్నలాంటిది వేస్తాయి. అప్పుడు వయొలిన్ మంద్రస్థాయిలో, ఎక్కడా తొందర లేకుండా పాడుతుంది. కొత్త షడ్జాన్ని మనసులో పెట్టుకుని వింటే అది మీకు వెంటనే దగ్గరవుతుంది. అది అలవాటయ్యాక మొదటి భాగంలోని మార్పులు బెదిరించవు.

చరిత్రపుట

మనిషి గురించి కూడా రాయమన్నారు కాబట్టి ఈ కృతి వెనుక జరిగింది చెబుతాను. ఇది తెలిస్తే చాలామంది వినికిడి మారుతుంది.

సిబేలియస్ 1865లో ఫిన్లాండ్‌లోని హమేన్‌లిన్నాలో పుట్టాడు. వయొలిన్ పట్టుకునేటప్పటికే పద్నాలుగు, పదిహేనేళ్లు. మహా విద్వాంసుడు కావాలని తపించాడు. వియన్నాలో చదువుకుంటున్నప్పుడు, 1891లో, వియన్నా ఫిల్‌హార్మానిక్‌లో వయొలిన్ వాద్యకారుడిగా చేరడానికి పరీక్షకు వెళ్లి తిరస్కారం పొందాడు. ఆ కోరిక ఆయన్ని వదల్లేదు. యాభయ్యో పడిలో పడుతున్నప్పుడు, 1915లో, తాను పన్నెండేళ్ల పిల్లవాడినై వయొలిన్ విద్వాంసుడిగా వాయిస్తున్నట్టు కల వచ్చిందని డైరీలో రాసుకున్నాడు. ఆయన రాసిన ఏకైక కాన్చెర్టో ఇదే. తన చేతికి అందనిదాన్ని ఇంకొకరి చేతికి రాసిచ్చాడు.

ఇక ఆయన్ని సమర్థించలేని సంగతి. వాయించమని అడిగింది విల్లీ బర్మెస్టర్‌ని. హెల్సింకి ఆర్కెస్ట్రాకు ఒకప్పుడు నాయకత్వం వహించిన పేరున్న వయొలిన్ విద్వాంసుడు ఆయన. కానీ డబ్బు ఇబ్బందుల వల్ల సిబేలియస్ ఆయన కోసం ఆగలేదు. 1904 ఫిబ్రవరి 8న హెల్సింకిలో విక్టర్ నోవాచెక్‌తో వాయింపించాడు. సారథ్యం తనదే. నోవాచెక్‌కు ఆ కృతి శక్తికి మించిన పని. ప్రదర్శన దెబ్బతింది, విమర్శకులు పెదవి విరిచారు. బర్మెస్టర్ అయినా పెద్దమనసుతో తాను వాయిస్తానని మళ్లీ ముందుకొచ్చాడు. సిబేలియస్ కృతిని వెనక్కి తీసుకుని తిరగరాశాడు. 1905 అక్టోబర్ 19న బెర్లిన్‌లో రిచర్డ్ స్ట్రాస్ సారథ్యంలో కొత్త రూపం వినిపించినప్పుడు వాయించింది కారెల్ హాలీర్. బర్మెస్టర్‌కు రెండోసారీ చేయి చూపించారు. ఆయన జీవితంలో మళ్లీ దీన్ని ముట్టలేదు. చివరికి అంకితం దక్కింది ఫెరెంత్స్ వెచెయ్ అనే బాలమేధావికి. సంగీతం ఎంత గొప్పదైనా బర్మెస్టర్ విషయంలో సిబేలియస్ ప్రవర్తన నాకు నచ్చదు.

బ్రామ్స్‌పక్షం గారికి ఒక మాట. తిరగరాయడానికి ముందు, 1905 ఆరంభంలో, సిబేలియస్ బెర్లిన్‌లో బ్రామ్స్ కాన్చెర్టో విన్నాడు. అందులో ఆర్కెస్ట్రాకు ఉన్న బరువు ఆయన్ని ఆలోచనలో పడేసింది. ఇప్పుడు మనం వింటున్న బిగువైన రూపంలో మీ బ్రామ్స్ ప్రభావం ఉంది.

బ్రామ్స్‌పక్షం

మంచి సమాచారం, కృతజ్ఞతలు. కానీ జీవితచరిత్రతో సంగీతానికి మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు. ఆయన వియన్నాలో ఓడిపోయాడని తెలిసినంత మాత్రాన మొదటి భాగపు నిర్మాణం మెరుగుపడదు. బర్మెస్టర్‌కు అన్యాయం చేశాడని తెలిసినంత మాత్రాన రెండో భాగపు పాట చెడిపోదు. నేను విన్నదానికి నా చెవే సాక్ష్యం.

నేను ఒక్కడినే ఇలా అంటున్నానని అనుకోకండి. తత్వవేత్త అడోర్నో 1938లో సిబేలియస్‌ను చీల్చి చెండాడాడు. రెనె లైబోవిట్స్ అయితే 1955లో, ఆయన తొంభయ్యో పుట్టినరోజు సందర్భంలోనే, ప్రపంచంలోకెల్లా చెత్త స్వరకర్త అని పేరు పెట్టి కరపత్రం వేశాడు.

పాతరికార్డు

లైబోవిట్స్‌ది విమర్శ అనను, తిట్టు అంటాను. అడోర్నో సంగతి అలా తోసిపుచ్చలేం. అయితే ఆయన కోపంలో కాలం కూడా ఉంది. నాజీ జర్మనీ 1935లో సిబేలియస్‌కు గోథే పతకం ఇచ్చింది. అక్కడ ఆయన సంగీతాన్ని నేల, రక్తం, ప్రకృతి అంటూ మోశారు. ఆ పాలన వల్ల దేశం విడిచిన అడోర్నోకు ఆ పొగడ్త ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. మరో పక్క ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఆయన్ని బీతోవెన్ వారసుడి స్థాయికి ఎత్తారు. రెండు పక్కలా అతి జరిగింది. మధ్యలో కాన్చెర్టో తన దారిన తాను బతికింది.

హెల్సింకినుంచి

ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడివాళ్లకు సిబేలియస్ అంటే సంగీతకారుడికి మించి జాతీయ చిహ్నం. 1899లో రష్యా చక్రవర్తి ఫిన్లాండ్ స్వయంప్రతిపత్తిని అణచడం మొదలుపెట్టిన ఏడాదే ‘ఫిన్లాండియా’ సంగీతం పుట్టింది. 1917లో స్వాతంత్ర్యం వచ్చేదాకా అది వాళ్లకు ఊపిరి. అయితే ఆయన ఇంటి భాష స్వీడిష్, బడిలో ఫిన్నిష్. ఇక్కడ ఈ సంగతికి చాలా అర్థం ఉంది.

యార్వెన్‌పా దగ్గర ఆయన ఇల్లు ఐనోలా ఇప్పుడు మ్యూజియం. 1904లోనే, అంటే కాన్చెర్టో మొదటి ప్రదర్శన జరిగిన ఏడాదే, కుటుంబం అందులోకి మారింది. భార్య ఐనో పేరు పెట్టుకున్నారు. చెక్కతో కట్టిన ఇల్లు. భోజనాల గదిలో పచ్చటి పలకలతో కట్టిన పెద్ద అగ్గిగూడు ఉంది. స్వరాలు ఆయనకు రంగులుగా కనిపించేవి, ఆకుపచ్చ ఆయనకు ఎఫ్ మేజర్. నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. ఆయన బతికున్నంత కాలం ఆ ఇంట్లో నీటి గొట్టాలు వేయనివ్వలేదు, వాటి చప్పుడు భరించలేనని. ఐదుగురు ఆడపిల్లలు పెరిగిన ఇల్లది, నీళ్లన్నీ బయటి నుంచి మోసుకురావాలి. మార్గదర్శకురాలు ఈ మాట చెప్పినప్పుడు నాకు సిబేలియస్ కంటే ఐనో గుర్తొచ్చింది. తాగుడు, అప్పులు, హెల్సింకిలో రోజుల తరబడి భోజనశాలల్లో గడపడం, అన్నీ భరించింది ఆవిడే. కాన్చెర్టో రాస్తున్న రోజులు కూడా అలాంటివే. దీన్ని ఫిన్లాండ్ అడవుల, మంచు సరస్సుల సంగీతం అని ప్రచార పత్రాల్లో రాస్తుంటారు. నాకు దీనిలో నగరంలో రాత్రి నిద్రపట్టని మనిషే వినిపిస్తాడు.

తొలివినికిడి

నేను ఈ సంగీతానికి కొత్త. మీ చర్చ చదివి హైఫెట్జ్ రికార్డింగు విన్నాను. చెప్పడానికి సంకోచంగా ఉంది కానీ నాకు దూరంగా అనిపించింది. వాయించడం అద్భుతం, అందులో సందేహం లేదు. అంత వేగంలో ఒక్క స్వరం తొణకదు. కానీ నాతో ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. మొత్తం కృతే ఇంతనా, లేక నేను వేరే రికార్డింగు వినాలా?

రెండోవరుస

సంకోచం ఎందుకండీ, మీరు విన్నది మీరు చెప్పారు. జినెట్ నెవూ 1945లో వాల్టర్ సుస్కింద్ సారథ్యంలో ఫిల్‌హార్మోనియాతో చేసిన రికార్డింగు వినండి. అప్పటికి ఆమె వయసు ఇరవై ఆరు. పాత రికార్డింగు కాబట్టి ఆర్కెస్ట్రా కాస్త వెనక్కి ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. హైఫెట్జ్ ఒక కత్తి అంచును చూపిస్తే నెవూ పిడి పట్టుకున్న చెయ్యిని చూపిస్తుంది. రెండో భాగం చివర్లో ఆమె కమానును తీగ మీద ఎంతసేపు ఆపి ఉంచుతుందో, స్వరం సన్నబడుతున్నా ఎక్కడా తెగకుండా ఎలా నిలుపుతుందో గమనించండి. నాలుగేళ్లకే, 1949 అక్టోబర్‌లో, అజోర్స్ దీవుల్లో విమానం కూలి ఆమె చనిపోయింది.

కొత్తవాటిలో హిలరీ హాన్, ఎసా పెక్కా సాలొనెన్‌ల రికార్డింగు శుభ్రంగా ఉంటుంది. డేవిడ్ ఓయిస్ట్రాఖ్‌ది దేనిదైనా వినవచ్చు, ఆయన నాదంలో వెచ్చదనం ఉంది.

పాతరికార్డు

హైఫెట్జ్‌ను దూరం అన్నందుకు నాకు కోపం లేదు కానీ ఒక్క మాట. ఆ దూరమే ఈ కృతికి సరైనదని నా నమ్మకం. మొదటి భాగం మనతో మాట్లాడడానికి రాసినది కాదు. ఎవరూ వినడం లేదనుకునే మనిషి పాట అది. నెవూ మనల్ని పిలిచి కూర్చోబెడుతుంది. అది అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నాకు మాత్రం చలి తగ్గినట్టు ఉంటుంది.

గోదారిశ్రుతి

రెండోవరుస గారు చెప్పినట్టే రెండో భాగాన్ని ముందు విన్నాను. ఆ వయొలిన్ పాట మంద్రంలో అంతసేపు నిలవడం చూసి ఆశ్చర్యపోయాను. మేమైతే ఆ చోట స్వరాన్ని ఊపకుండా ఉండలేం, గమకం పెట్టేస్తాం. ఇక్కడ స్వరం దాదాపు కదలకుండా నిలబడి, దాని కింద హంగు మారుతూ ఉంటే అదే స్వరం ఒకసారి ఆశలా, ఇంకోసారి దిగులులా ధ్వనిస్తుంది. మనం స్వరాన్ని కదిలించి రాబట్టే భావాన్ని వాళ్లు కింది స్వరాలను మార్చి రాబడుతున్నారని ఈ భాగం వింటుంటే స్పష్టంగా తెలిసింది. ఇక మొదటి భాగంలో షడ్జం జరగడం కూడా నాకు భయం కలిగించలేదు.

మూడో భాగం నాకు నచ్చింది. అందులో లయ ఉంది. పాతరికార్డు గారూ, మన కచేరీలో కూడా గంభీరమైన రాగం తానం పల్లవి తర్వాత తిల్లానా వస్తుంది. దాంతో ముందటి గాంభీర్యం చెడిందని ఎవరూ అనుకోరు.

పాతరికార్డు

తిల్లానా పోలిక బాగుంది, కానీ అది వేరే కృతి. ఇవి ఒకే కృతిలోని భాగాలు. నా అభ్యంతరం అక్కడే.

చరిత్రపుట

ఈ అభ్యంతరానికి ఒక ఆధారం దొరుకుతుంది. 1904 నాటి మొదటి రూపాన్ని సిబేలియస్ కుటుంబం చాలాకాలం ఎవరినీ వాయించనివ్వలేదు. ప్రత్యేక అనుమతితో వయొలిన్ విద్వాంసుడు లియోనిదాస్ కవకోస్, ఓస్మో వాన్‌స్కా సారథ్యంలో లాహ్తి సింఫనీ ఆర్కెస్ట్రాతో దాన్ని రికార్డు చేశాడు. అది 1991లో వచ్చింది. మొదటి భాగంలో బాఖ్‌ను తలపించే రెండో కడెంజా ఒకటి అదనంగా ఉంది. మూడో భాగం ఇంకా పొడవు, మలుపులు ఎక్కువ. అది విన్నాక ఇప్పటి మూడో భాగం ఎంత చెక్కి తీర్చినదో తెలుస్తుంది. ఆ రెండో కడెంజా పోవడం నాకు బాధే. అయినా తిరగరాసిన రూపమే మెరుగని నా అభిప్రాయం. స్వయంగా వాయించగలిగినవాడు కాబట్టి చేతికి ఎంత కష్టమో తెలిసి తగ్గించాడు.

తొలివినికిడి

నెవూ విన్నాను. రెండో భాగం మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నాను. మొదటి భాగం ఈసారి అర్థమైంది, ముఖ్యంగా మొదట్లో వయొలిన్ పాడిన మాటను క్లారినెట్ కింద నుంచి అందుకునే చోటు. మూడో భాగం ఇంకా పట్టుబడలేదు. ఐనోలా ఇంటి సంగతి చదివాక ఆయన మీద కాస్త కోపం కూడా వచ్చింది, అది వినేటప్పుడు పోవడం లేదు.

హెల్సింకినుంచి

పోనక్కరలేదు. ఆయన మీద కోపం పెట్టుకుని కూడా వినవచ్చు. తర్వాతి కథ కూడా తెలుసుకోండి. 1926లో ‘తపియోలా’ అనే ఆర్కెస్ట్రా కృతి రాశాక ఆయన పెద్ద కృతి ఏదీ బయటికి ఇవ్వలేదు. ఎనిమిదో సింఫనీ కాగితాలను 1940లలో ఆ ఇంట్లోనే తగలబెట్టాడు. ఆ తర్వాత ఆయన మనసు కుదుటపడిందని ఐనో చెప్పింది. 1957లో పోయేదాకా మౌనమే. ఇద్దరి సమాధీ ఆ తోటలోనే ఉంది.

బ్రామ్స్‌పక్షం

గోదారిశ్రుతి గారి మాటలు నన్ను మళ్లీ వినేలా చేశాయి. కడెంజాను వాదంగా కాకుండా ఆలాపనగా వింటే ఆ చోటు నిలబడుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ కడెంజా ముగిశాక ఆర్కెస్ట్రా తిరిగి వచ్చేచోట నాకు ఇప్పటికీ దారి కనిపించడం లేదు. అక్కడ ఇత్తడి వాద్యాలు ఎందుకు లేస్తాయో, ఎందుకు తగ్గుతాయో సంగీతంలోనే కారణం వినిపించాలి. కవకోస్ రికార్డింగులో మొదటి రూపం వింటాను. ఆ రెండో కడెంజా ఎక్కడ వస్తుందో, దాన్ని తీసేయడం వల్ల ఈ అతుకు ఏర్పడిందో ముందే ఉందో చూడాలి. చరిత్రపుట గారూ, రెండు స్వరపత్రాలూ మీ దగ్గర ఉంటే ఆ చోటు బార్ సంఖ్యలు ఇవ్వగలరా?

చరిత్రపుట

తిరగరాసిన రూపం స్వరపత్రం నా దగ్గర ఉంది, మొదటి రూపానిది లేదు. కాబట్టి రికార్డింగు సమయాన్ని బట్టి చూద్దాం. మీరు విన్నాక అతుకు అనిపించిన నిమిషం, సెకను రాయండి. నేను స్వరపత్రం ముందు పెట్టుకుని అదే చోటు వింటాను. రెండోవరుస గారు ఆ బార్లను వాయించి ఉంటారు కాబట్టి అక్కడ మీ వరుసకు ఏం రాశాడో వారు చెబితే ఇంకా మంచిది.

రెండోవరుస

తప్పకుండా చెబుతాను. ఆ చోట నా పేజీలో పెన్సిలుతో రాసుకున్న గుర్తులు చాలా ఉన్నాయి. బ్రామ్స్‌పక్షం గారు సమయం ఇచ్చాక పేజీ తీసి చూస్తాను.